మావయ్య స్టెతస్కోపు

మొన్న సంక్రాంతికి మా అబ్బాయి హైదరాబాదు నుంచి కారులో వచ్చాడు. వచ్చినట్టు మాకు తెలీనే లేదు. భోగి ముందురోజు సాయంత్రం మా ఆవిడ ముగ్గు వేద్దామని బయటికెళ్లి, 'ఏవండీ, మన గేటు ముందు ఎవరిదో కారు నిలబడి ఉంది' అని కేకేసింది. వెళ్లి చూస్తే లోపల మావాడు నవ్వుతూ కూర్చుని ఉన్నాడు.

'ఇంజిను ఆపేసి కూర్చున్నావేంట్రా?' అన్నాను.

'ఇంజిను లేదు నాన్నా' అన్నాడు.

కరెంటు కారు. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. కొని పదినెలలైందిట, విజయవాడ తేవడం మాత్రం అదే మొదలు. మా ఇంటికి ఏ కారు వచ్చినా నేను ముందు చేసే పని ఒకటుంది. బానెట్ ఎత్తి చూడటం. అలవాటుగా ఎత్తాను. లోపల నల్లటి ప్లాస్టిక్ మూత, దానికింద చిన్న గూడు. 'కూరగాయల సంచి పెట్టుకోవచ్చు' అన్నాడు మావాడు. ఊరంతా ఒక రౌండు తిప్పాడు. రింగురోడ్డు మీద కాస్త ఖాళీ దొరగ్గానే కాలు నొక్కాడు. నా వీపు సీటుకి అతుక్కుపోయింది. మెడలో ఏదో కలుక్కుమంది. ముప్ఫయ్యేళ్లుగా కార్ల పిచ్చి ఉన్నవాణ్ని, అలాంటి తోపు ఎప్పుడూ ఎరగను. 'ఎలా ఉంది?' అన్నాడు.

'ఇది కారేంట్రా? సెల్‌ఫోనుకి నాలుగు చక్రాలు పెట్టారు' అనేశాను.

అని నాలుక కరుచుకున్నాను. ఎందుకంటే ఆ మాట నాది కాదు. పాతికేళ్ల కిందట మా మావయ్య నాతో అన్నది. అప్పుడాయన సెల్‌ఫోను అనలేదు, రేడియో అన్నాడు. మిగతాదంతా అదే.

* * *

మావయ్యంటే మా అమ్మ తమ్ముడు. బెజవాడ ఆటోనగర్లో ఆయనకో షెడ్డు ఉండేది. ఆటోనగర్ అంటే లారీలే గుర్తొస్తాయి అందరికీ. బాడీలు కట్టేవాళ్లు, కమాను కట్టలు కొట్టేవాళ్లు, రంగులు వేసేవాళ్లు, రేడియేటర్లకి మాట్లు వేసేవాళ్లు... ఒక లారీని నట్టునట్టుగా విప్పేసి, మళ్లీ కొత్తదాన్ని చేసి పంపగల చోటది. అంతమంది లారీలవాళ్ల మధ్య మావయ్యది మాత్రం కార్ల షెడ్డు. ఫియట్లూ, అంబాసిడర్లూ.

నా వేసవి సెలవులన్నీ అక్కడే. నా పని స్పానర్లు అందించడం. 'టెన్-లెవెన్' అంటే టెన్-లెవెన్, 'ట్వెల్వ్-థర్టీన్' అంటే అది. తప్పు స్పానరు ఇస్తే నెత్తిమీద మొట్టికాయ. ఎక్కాలకంటే ముందు నాకు స్పానర్ల సైజులు వచ్చేశాయని మా అమ్మ బాధపడేది.

మావయ్య దగ్గర ఒక పొడుగాటి స్క్రూడ్రైవరు ఉండేది. దాని కొనని నడుస్తున్న ఇంజిను మీద ఒకచోట ఆనించి, చెక్కపిడిని చెవికి పెట్టుకునేవాడు. కళ్లు మూసుకునేవాడు. ఆ రెండు నిమిషాలూ షెడ్డులో ఎవరూ మాట్లాడకూడదు. తర్వాత కళ్లు తెరిచి, 'మూడో సిలిండరు టాపెట్ లూజుంది' అనో, 'వాటర్ పంపు బేరింగు పోయే ముందుంది, ఈ నెల గడుస్తుంది' అనో చెప్పేవాడు. విప్పి చూస్తే అంతే. ఒక డాక్టరుగారు తన ఫియట్ ఇచ్చి ఇదంతా చూసి, 'నా స్టెతస్కోపు కన్నా నీదే నయమయ్యా' అన్నారు. అప్పట్నుంచీ ఆ స్క్రూడ్రైవరుకి షెడ్డులో స్టెతస్కోపు అనే పేరు పడిపోయింది.

ఆ ఫియట్టే తర్వాత ప్రీమియర్ పద్మిని అయింది. 1089 సీసీ ఇంజిను, నలభై గుర్రాల శక్తి. స్టీరింగు పక్కనే గేరు. ఈ రోజు లెక్కల్లో అది ఏ మూలకీ రాదు. కానీ మావయ్య ట్యూనింగు చేసిన ఫియట్‌ని ఏలూరు రోడ్డు మీద తోలినవాళ్లు ఇంకో షెడ్డు గడప తొక్కేవాళ్లు కాదు. ఆ ట్యూనింగు అంటే మహామంత్రమేమీ కాదు. కార్బురేటరు గొంతు సన్నగా ఉన్నచోట గాలి వేగం పెరుగుతుంది, ఒత్తిడి తగ్గుతుంది, ఆ లాగుడికి జెట్‌లోంచి పెట్రోలు తుంపరగా పైకొస్తుంది. ఎంత గాలికి ఎంత పెట్రోలు అన్నది ఒక చిన్న స్క్రూ చేతిలో ఉంటుంది. దాన్ని పావు తిప్పు అటూ ఇటూ తిప్పుతూ ఇంజిను శబ్దం ఎక్కడ నున్నగా అవుతుందో వినాలి. తర్వాత ప్లగ్గు విప్పి చూడాలి. నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది. తెల్లగా ఉంటే చాలడం లేదు. కాలిన ఇటుక రంగులో ఉంటే సరిగ్గా ఉన్నట్టు. మావయ్య ప్లగ్గు విప్పేది కస్టమరు తృప్తి కోసమే. ఆయనకి శబ్దంలోనే రంగు తెలిసిపోయేది.

1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతులమీదుగా మొదటి మారుతి 800 తాళాలు ఇచ్చారు. అది బెజవాడ రోడ్ల మీదికి వచ్చినప్పుడు ఆటోనగర్ అంతా నవ్వింది. 796 సీసీ, మూడే సిలిండర్లు. 'నాలుగోది ఫ్యాక్టరీలో మర్చిపోయారా?' అన్నారు. 'అగ్గిపెట్టె' అన్నారు. వెనక చక్రాలు తోయాల్సిన బండిని ముందు చక్రాలు లాగడమేమిటని తలలు పట్టుకున్నారు. మావయ్య కూడా నవ్వాడు. నవ్వుతూనే ఒక మారుతిని విప్పాడు. ఆరునెలల్లో దాని ఆనుపానులన్నీ పట్టేశాడు. ఎందుకంటే దాన్లోనూ కార్బురేటరే, దానికీ స్క్రూనే. కొత్త బండే గానీ తలుపు మాత్రం తెరిచే ఉంది.

ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. నాకు అర్థం కావడానికి పాతికేళ్లు పట్టింది.

* * *

బ్యాంకు ఉద్యోగం వచ్చాక నేను మొదట కొన్నది సెకండ్‌హ్యాండ్ ఫియట్. మావయ్యే చూసి కొనిపెట్టాడు. అప్పటికి కార్ల పిచ్చోళ్లకి మంచి రోజులొస్తున్నాయి. 1993లో జెన్ వచ్చింది, 1994లో ఎస్టీమ్ వచ్చింది. మా ఊళ్లో నాలాంటివాళ్లం అయిదారుగురం ఒకచోట చేరాం. ఆదివారం తెల్లారుజామున బయల్దేరి హనుమాన్ జంక్షన్ దాకా వెళ్లి, టీ తాగి రావడం. మా మధ్య పేర్లు లేవు, కార్ల పేర్లే. కాంటెస్సా, జెన్, సిటీ... నన్ను చాలారోజులు ఫియట్ అనే పిలిచారు.

ఆ టీ దగ్గర జరిగే వాదనలు వింటే నవ్వొస్తుంది. కాంటెస్సాకి తన ఇసుజు ఇంజినే ఇంజిను, తతిమ్మావన్నీ కుట్టుమిషన్లు. సిటీకి 106 గుర్రాల వీటెక్ దేవుడిచ్చిన వరం. ఆ శబ్దం కోసమే ప్రతి గేరూ చివరిదాకా లాగేవాడు. 2004లో ఒక డాక్టరుగారు స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ కొని మాలో చేరారు. 1.8 లీటర్లు, టర్బో, 150 గుర్రాలు. దాంతో సిటీకి కోపమొచ్చింది. 'టర్బో అంటే సైకిలు తొక్కేవాణ్ని వెనకనుంచి ఎవడో తోసినట్టు. సొంత కాళ్ల బలం కాదది' అన్నాడు. డాక్టరుగారు ఏమీ అనకుండా తిరుగు ప్రయాణంలో వాణ్ని గన్నవరం దగ్గర దాటేసి వెళ్లిపోయారు.

తర్వాత్తర్వాత చదివితే తెలిసింది, ఇది మా టీకొట్టు దగ్గరి జబ్బు మాత్రమే కాదని. జర్మనీలో పోర్షా 911 ఇంజినుని మొదట్నుంచీ గాలితోనే చల్లబరిచేవాళ్లు. 1990ల చివర్లో నీళ్లతో చల్లబరిచే ఇంజిను పెడితే, అసలు పోర్షా చచ్చిపోయిందని అభిమానులు ఏడ్చారు. 2013లో అదే కంపెనీ జీటీ3 మోడలుకి చేత్తో వేసే గేరు తీసేసింది. దానంతట అదే మారే గేర్‌బాక్సు మనిషి చెయ్యికన్నా వేగంగా మారుస్తుంది కాబట్టి ట్రాకు మీద అదే నెగ్గుతుందని లెక్క తేల్చింది. లెక్క నిజమే. కానీ అభిమానులు ఒప్పుకోలేదు. చివరికి 2016లో 991 కార్లు మాత్రం, చేతి గేరుతో, 911 ఆర్ పేరిట చేసింది. కొన్న ధరకి ఎన్నో రెట్లు పెట్టి వాటికోసం ఎగబడ్డారు. మరుసటేడు జీటీ3లోకీ చేతి గేరు తిరిగొచ్చింది. మెర్సిడెస్ వాళ్ల సీ63 ఏఎంజీ కథా అలాంటిదే. ఎనిమిది సిలిండర్ల ఇంజిను తీసేసి 2022లో నాలుగు సిలిండర్లకి కరెంటు మోటారు జతచేశారు. శక్తి 510 నుంచి 680 గుర్రాలకి పెరిగింది. అభిమానులు మాత్రం శక్తిని చూడలేదు. ఆ ఎనిమిది సిలిండర్ల గర్జన ఏదీ అని అడిగారు.

వేగం పెరిగితే సంతోషించాలి కదా, వీళ్లకి ఏడుపెందుకు? నా మటుకు నాకు తోచింది చెబుతాను. కార్ల పిచ్చోడికి వేగం ఒక్కటే కాదు కావాల్సింది. 'దీన్ని నేను నడుపుతున్నాను' అనిపించాలి. కాలు నొక్కితే గొంతు మారాలి, గేరు వేస్తే చేతికి తెలియాలి. బండి పనిలో తనకీ కొంత వాటా ఉండాలి. ఆ వాటా తగ్గుతున్న కొద్దీ, కారు ఎంత పరిగెత్తినా, మనసు వెనకపడుతుంది.

ఇదంతా ఇప్పుడు ఇంత తీరిగ్గా చెబుతున్నాను గానీ, నా వంతు వచ్చినప్పుడు నేను చేసిన పని వేరు.

* * *

1999లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఢిల్లీలో కార్లకి యూరో ప్రమాణాలు వచ్చాయి. 2000 నుంచి దేశమంతా భారత్ స్టేజ్ ప్రమాణాలొచ్చాయి. ఆ ఏడాదే సీసం కలిపిన పెట్రోలూ పోయింది. దాంతో కార్బురేటరుకి నూకలు చెల్లాయి. కారణం సులువే. పొగలోని విషాన్ని విరిచే క్యాటలిటిక్ కన్వర్టరు సరిగ్గా పనిచేయాలంటే పెట్రోలు ఒక పాలుంటే గాలి 14.7 పాళ్లు ఉండాలి. ఎండలోనూ వానలోనూ, ఎత్తులోనూ పల్లంలోనూ, ప్రతి క్షణం. అది స్క్రూ వల్ల అయ్యే పని కాదు. సైలెన్సరు గొట్టంలో ఒక సెన్సరు పొగ వాసన చూస్తూ కబురు పంపుతుంటే, ఒక కంప్యూటరు ఎంత పెట్రోలు చిమ్మాలో క్షణక్షణం లెక్కకట్టాలి. దానిపేరే ఎంపీఎఫ్ఐ. మంచి పనే. బెంజి సర్కిల్ దగ్గర సాయంత్రం అయిదు నిమిషాలు నిలబడినవాడెవడూ కాదనడు.

నేను 2001లో ఎంపీఎఫ్ఐ కారు కొన్నాను. తెల్లారి లేచి చోక్ లాగక్కర్లేదు. తాళం తిప్పితే చాలు, తొలిసారే అందుకునేది. ఇంజిను పరిమాణం అంతే ఉన్నా శక్తి ఎక్కువ, పెట్రోలు తక్కువ. సంబరంగా షెడ్డుకి తీసుకెళ్లాను. మావయ్య బానెట్ ఎత్తాడు. కార్బురేటరు ఉండాల్సిన చోట వైర్ల కట్టలు. చాలాసేపు చూశాడు. స్టెతస్కోపు తీయలేదు.

'ఇది కారేంట్రా అల్లుడూ? రేడియోకి నాలుగు చక్రాలు పెట్టారు' అన్నాడు.

నాకు పౌరుషం వచ్చింది. కొత్త కారు కొన్న మొగాడికి వచ్చే పౌరుషమే. 'కాలం మారింది మావయ్యా. కంప్యూటరు సెకనుకి ఎన్నిసార్లు లెక్కకడుతుందో తెలుసా? నీ చెవి ఎంత గొప్పదైనా ఇంక దాంతో పని లేదు' అన్నాను. షెడ్డులో ఇద్దరు కుర్రాళ్లు ఉన్నారు. ఒక కస్టమరు ఉన్నాడు. అందరి ముందూ అన్నాను.

మావయ్య బానెట్ నెమ్మదిగా దించి, గుడ్డతో తన వేలిముద్రలు తుడిచాడు.

ఏడాది తిరక్కుండానే డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగింది. ఇంజిను బొమ్మ. బండి బాగానే నడుస్తోంది, దీపం మాత్రం ఆరదు. మావయ్య దగ్గరికి వెళ్లడానికి మొహం చెల్లలేదు. కంపెనీ వర్క్‌షాపుకి వెళ్లాను. ఒక కుర్రాడు స్టీరింగు కింద వైరు గుచ్చి, చేతిలో డబ్బాలాంటిది చూసి, ఒక సెన్సరు మార్చాడు. దీపం ఆరిపోయింది. బిల్లు చూసి కళ్లు తిరిగాయి. ఆ వర్క్‌షాపు ఉన్నది మావయ్య రోజూ షెడ్డుకి వెళ్లే దారిలోనే. నేను బయటికొస్తుంటే లూనా మీద ఆయన వెళ్తున్నాడు. నన్ను చూశాడు. చెయ్యి ఊపాడు. ఆగలేదు.

ఆ తర్వాత ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. పెళ్లిళ్లకి కలిశాం, పండగలకి కలిశాం. కార్ల గురించి మాత్రం మాట్లాడుకోలేదు. ఫియట్లు తగ్గాయి, అంబాసిడర్లు తగ్గాయి. షెడ్డులో కుర్రాళ్లు ఇద్దరి నుంచి ఒకరయ్యారు. వాళ్లబ్బాయి మెడికల్ షాపు పెట్టుకున్నాడు. 2009లో షెడ్డు మూసేశాడు. స్పానర్ల సెట్లు తూకానికి అమ్మేశాడని మా అమ్మ చెప్పింది. ఒక్కటి మాత్రం అమ్మలేదుట.

* * *

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో ఫార్ములా-ఇ రేసు జరిగింది. మన దేశంలో అదే మొదటి కరెంటు కార్ల ప్రపంచ స్థాయి పోటీ. మావాడు టిక్కెట్లు తీసి నన్ను రమ్మన్నాడు. హుస్సేన్‌సాగర్ ఒడ్డున, రోజూ బస్సులు తిరిగే రోడ్లనే కాంక్రీటు గోడలు పెట్టి ట్రాకు చేశారు. ఒక చుట్టు 2.83 కిలోమీటర్లు, 18 మలుపులు.

చిన్నప్పుడు షోలవరం రేసుల గురించి మావయ్య చెప్పేవాడు. మద్రాసు దగ్గర పాత విమానాల రన్‌వే మీద జరిగేవి. చెవులు చిల్లులు పడేవిట. ఇంటికొచ్చాక కూడా రెండు రోజులు ఆ హోరు వినపడేదిట. నేను ఆ హోరు కోసమే చెవులు సిద్ధం చేసుకుని కూర్చున్నాను. కార్లు వచ్చాయి. కందిరీగల గుంపు పోయినట్టు సన్నటి కీచు... అంతే, దాటిపోయాయి. పక్కన కూర్చున్నవాళ్ల మాటలు శుభ్రంగా వినిపిస్తున్నాయి.

'ఇదేం రేసురా' అన్నాను.

మావాడు ఓపిగ్గా చెప్పాడు. ఈ కార్ల శక్తి 350 కిలోవాట్లు, అంటే మా సిటీగాడి వీటెక్‌లు నాలుగు కలిపినా చాలవు. వెనక చక్రాలకి మామూలు బ్రేకులే లేవు. కాలు తీస్తే మోటారే జనరేటరయి కారుని ఆపుతుంది, ఆ ఊపుని కరెంటుగా మార్చి మళ్లీ బ్యాటరీలో వేస్తుంది. రేసులో వాడే కరెంటులో దాదాపు నలభై శాతం అలా వెనక్కి రాబట్టిందే. ఎవడు ఎక్కడ కాలు తీస్తాడు, ఎంత మిగుల్చుకుంటాడు అన్నదే ఆట. ఆ దృష్టితో చూస్తే కాస్త రుచి తెలిసింది. ఫ్రాన్స్ డ్రైవరు జాన్ ఎరిక్ వెర్న్ చివరి చుట్లలో వెనకవాణ్ని అడ్డుకుంటూ, బొటాబొటి కరెంటుతో నెగ్గాడు. కరువులో సంసారం నెట్టుకొచ్చిన ఇల్లాలిలాగా. మరుసటేడు మళ్లీ జరగాల్సింది గానీ రద్దయింది.

ఆ రాత్రి మావాడు ఇంకో సంగతి చెప్పాడు. ప్రపంచంలో గంటకి వంద కిలోమీటర్లు దాటిన మొట్టమొదటి కారు ఏదో తెలుసా అన్నాడు. ఏదో పెట్రోలు కారు అనుకున్నాను. కాదు. 1899లో బెల్జియం ఆయన కామిల్ జెనాట్జీ, తూటా ఆకారంలో చేసిన కరెంటు కారులో 105.88 కిలోమీటర్ల వేగంతో వెళ్లాడు. అంటే మా పెట్రోలే మధ్యలో వచ్చిందన్నమాట. 'అయితే కొరియా వాళ్లు ఆ కరెంటు కారులో గేర్లు మారినట్టు దొంగ కుదుపులు, స్పీకర్లలో దొంగ ఇంజిను శబ్దం ఎందుకు పెట్టార్రా?' అని అడిగాను. హ్యుందాయ్ వాళ్లు 2023లో అయానిక్ 5 ఎన్ అనే కారులో నిజంగానే ఆ పని చేశారు. 'మీలాంటివాళ్ల కోసమే నాన్నా' అన్నాడు. నవ్వు రాలేదు నాకు.

* * *

మళ్లీ సంక్రాంతికి వద్దాం. పండగ రోజు మధ్యాహ్నం అరిసెలు ఇచ్చి రావడానికి పటమట మావయ్య ఇంటికి బయల్దేరాం. మావాడు దారిలో మాటవరసకి అన్నాడు. 'అరవై దాటితే వెనకనుంచి ఏదో సన్నటి మోత వస్తోంది నాన్నా. వర్క్‌షాపులో చూపించాను. కంప్యూటరు పెట్టి చూసి ఏ లోపమూ లేదన్నారు. మీ మనసు అన్నారు.'

మావయ్యకి ఎనభై దగ్గరపడ్డాయి. మనవరాళ్ల సన్నటి మాటలు వినపడవు, గట్టిగా చెప్పాలి. కారు చూసి చుట్టూ ఒకసారి తిరిగాడు. బానెట్ ఎత్తమనలేదు. 'ఎక్కించు, తిప్పుకొస్తాడేమో మనవడు' అన్నాడు. ముందు సీట్లో కూర్చోబెట్టాం. నేను వెనక కూర్చున్నాను. నా గుండె దడదడలాడుతోంది. ఏమంటాడో అని కాదు, ఆయన ఏమన్నా నేను పడాల్సిందే కదా అని.

బందరు రోడ్డు దాటి హైవే ఎక్కాక వేగం అరవై దాటింది. మావయ్య కళ్లు మూసుకున్నాడు. అరచెయ్యి తలుపుకి ఆనించాడు. నాకు ఆ ముఖం తెలుసు. 'ఎవరూ మాట్లాడకండి' అనబోయాను. ఎవరూ మాట్లాడ్డం లేదు. ఇంజినూ మాట్లాడ్డం లేదు.

'కొంచెం ఎడమకి కొయ్యి నాన్నా' అన్నాడు మావాడితో. మావాడు మెల్లగా కోశాడు. 'ఇప్పుడు కుడికి.' కోశాడు. 'చాలు. పక్కన ఆపు.'

దిగి వెనక చక్రం దగ్గర చతికిలబడ్డాడు. టైరు మీద అరచెయ్యి ఇటునుంచి అటు నిమిరాడు, అటునుంచి ఇటు నిమిరాడు. మావాడి చెయ్యి పట్టుకుని దానిమీద పెట్టాడు. 'అటు పోతే నున్నగా ఉందా? ఇటొస్తే గరుగ్గా, రంపం పళ్లలా తగుల్తోందా? బేరింగు మోత అయితే బండి వంగినప్పుడు బరువు పడి పెరగాలి, రెండోవైపు తగ్గాలి. ఇది మారలేదు. అంటే టైరు. చక్రం అలైన్‌మెంటు పోయింది. ఎక్కడో గోతిలో పడేసుంటావు.'

మావాడు నోరు తెరిచాడు. 'సూర్యాపేట దగ్గర పడింది తాతయ్యా, అక్టోబర్లో.'

'బ్యాటరీ బరువు కదా, టైరు తొందరగా అరుగుతుంది. ఇంజిను గోల లేదు కాబట్టి నాకు వినిపించింది. నా ఫియట్లో అయితే ఈ మోత ఎవడికి వినపడుతుంది?' అని లేవబోయాడు. నేను చెయ్యి అందించాను.

అప్పుడడిగాను. పాతికేళ్లు కడుపులో పెట్టుకున్నది బయటికొచ్చింది. 'మావయ్యా, ఆరోజు నేను అలా అనకుండా ఉండాల్సింది. నీ చెవితో పని లేదని.'

'ఏరోజు?' అన్నాడు ముందు. మర్చిపోలేదని ఆయన కళ్లే చెబుతున్నాయి. కాసేపాగి అన్నాడు. 'నాకు నీ కారు మీద కోపం లేదురా. నీమీదా లేదు. మారుతి వచ్చినప్పుడు నేను నేర్చుకోలేదూ? ఇదీ నేర్చుకుందామనే అనుకున్నా. కంపెనీ వర్క్‌షాపుకెళ్లి అడిగా. ట్రైనింగు మా కుర్రాళ్లకే అన్నారు. ఆ డబ్బా ఎంతని అడిగా, బయటివాళ్లకి అమ్మం అన్నారు. బయట ఎవరో అమ్ముతున్నారంటే ధర కనుక్కున్నా. నా ఏడాది సంపాదన. కారు మనకి అమ్మారు, తాళం వాళ్ల దగ్గరే పెట్టుకున్నారు. అది అల్లుడితో చెప్పుకోవడానికి నామోషీ వేసి, రేడియో అన్నాను.'

హైవే పక్కన నిలబడి నేనేం మాట్లాడగలను? ఇన్నేళ్లూ ఆయన పాతకాలపు మనిషి, కొత్త తలకెక్కలేదు అనుకున్నాను. హనుమాన్ జంక్షన్ టీ దగ్గర మేం శబ్దం పోయిందని, గేరు పోయిందని వాదించుకున్నాం. మాకు పోయింది సరదా. ఆయనకి పోయింది అన్నం. ఆ తేడా కార్లంటే ప్రాణం పెట్టే నాకే తోచలేదు.

ఇప్పుడు నా అభిప్రాయం అడిగితే ఒకటే చెబుతాను. కరెంటు కార్లు రానీ, మంచిదే. గాలి బాగుపడుతుంది. వేగమూ ఎక్కువే, ఆ సంగతి నా మెడకి తెలుసు. పెట్రోలు శబ్దం కోసం ఏడవడం నేను మానేస్తాను. కానీ కారు కొన్నవాడు దాన్ని తనకి నచ్చిన మెకానిక్కు చేత విప్పించుకోగలగాలి. ఆటోనగర్లో పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఆ బ్యాటరీ గుట్టు, ఆ మోటారు గుట్టు నేర్చుకోగలగాలి. డబ్బా లోపలి భాష వాడికీ చెప్పాలి. కారు మనదవడానికి బానెట్ కింద ఏముందన్నది కాదు, ఆ మూత తెరిచే వీలు ఎవరికుందన్నది ముఖ్యం. కార్ల ప్రేమికులం గొంతు చించుకోవాల్సింది దానికోసం అనుకుంటాను.

మర్నాడు కనుమ. అలైన్‌మెంటు చేయించి వెళ్లిపోదామన్నాడు మావాడు. 'కనుమ నాడు కాకి కూడా కదలదురా' అంది మా ఆవిడ. ఆగిపోయాడు. పొద్దున్నే టిఫిను తిని ఎటో వెళ్లాడు. మధ్యాహ్నమైనా రాకపోతే ఫోను చేశాను.

'తాతయ్య దగ్గరున్నాను నాన్నా' అన్నాడు. 'మామయ్యగారి మోటారు సైకిలు విప్పాం. స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని వింటే భలే వినిపిస్తోంది. తాతయ్య టాపెట్ అంటున్నాడు. నాకింకా తెలీడం లేదు.'

తొందరేం లేదన్నాను.